అర్ధాంతరమున ఆగిన కథ

కథ చెప్పు అలవాటు గల ఉపాధ్యాయులందరకు ఒక అనుభవము తెలిసియే యుండును. కథ మంచి పట్టులో నుండగా బడిగంట మ్రోగును. రాకుమారుడు గుహలో అడుగు పెట్టెను, దీపము ఆరిపోయెను, చీకటిలో నుండి ఎవరో పేరు పెట్టి పిలిచిరి. అంతటితో పుస్తకములు సర్దుకొనవలసి వచ్చును. పిల్లలు కదలరు. "తరువాత ఏమయినదండీ?" అని నాలుగు మూలల నుండి ప్రశ్నలు వచ్చును. "రేపు చెప్పెదను" అను ఒక్క మాటతో వారు సమాధానపడి ఇండ్లకు పోవుదురు. ఆ మాట మీద వారికి అంత నమ్మకము. కాని మరునాడు వచ్చుసరికి ఆ మాస్టరుగారు బదిలీయై వెళ్లిపోయిరనియు, క్రొత్తగా వచ్చినవారు ఆ గంటలో లెక్కలు చెప్పుదురనియు తెలిసినచో ఆ పిల్లల మనస్సు ఎట్లుండును? కథ పోయినదను బాధ కంటె, మాట పోయినదను బాధ వారిని ఎక్కువ కాలము వెంటాడును.

అమెరికా దేశమున 2005వ సంవత్సరమున లక్షలాది ప్రేక్షకులకు సరిగా ఇట్టి అనుభవమే కలిగెను. హెచ్.బి.ఓ. అను ప్రసార సంస్థ 2003 సెప్టెంబరులో "కార్నివాల్" అను పేరుతో ఒక టెలివిజన్ ధారావాహికను ప్రారంభించినది. అలౌకిక శక్తులతో, స్వప్నములతో, శకునములతో నిండిన కథ యది. పన్నెండేసి భాగములుగా రెండు విడతలు, మొత్తము 24 భాగములు ప్రసారమయ్యెను. 2005 మార్చి 27న చివరి భాగము వచ్చెను. దానిని చూచినవారెవరును అది చివరిదని యనుకొనలేదు. మే నెలలో సంస్థవారు ఇక మూడవ విడత యుండదని ప్రకటించిరి. నాటినుండి ఇరువది యేండ్లు దాటినవి. నేటికిని ఆ కథ నిలిచిన చోటనే నిలిచియున్నది; దానిని తలచుకొని నిట్టూర్చువారు నేటికిని ఉన్నారు.

ఒక టెలివిజన్ కథ ఆగిపోయినంత మాత్రమున లోకమునకు వచ్చిన నష్టమేమి యని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ఆ కథ యెట్టిదో కొంత తెలిసికొనవలెను.

దీని సృష్టికర్త డేనియల్ నాఫ్. ఈయన ఆరోగ్య బీమా వ్యాపారమున జీవనము గడపుచు, రచయిత కావలెనను కోరికను మనస్సులో దాచుకొనియున్న వ్యక్తి. 1990 తరువాతి తొలి యేండ్లలో ఈ కథను చలనచిత్రము కొరకు వ్రాసెను. అది చిత్రమునకు పట్టనంత పెద్దదయ్యెను. ఏండ్ల తరబడి అది పెట్టెలోనే పడియుండి, తుదకు టెలివిజన్ వారి కంటబడెను. అప్పుడాయన దానిని మూడు గ్రంథములుగా, ఒక్కొక్క గ్రంథమునకు రెండు విడతల చొప్పున, ఆరు విడతల మహాకథగా సంకల్పించెను. అనగా ప్రేక్షకులు చూచినది ఆ సంకల్పమున మూడవ వంతు మాత్రమే. మహాభారతమును వనవాసమున ద్రౌపదీ పాండవులు నడచుచుండగా మూసివేసినట్లయినది.

కథాకాలము 1934. ఆ కాలమున అమెరికా మధ్యభాగమున జరిగినది చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది. ఓక్లహోమా, కాన్సాస్, టెక్సాస్, కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రములలోని విశాలమైన మైదానములలో వేల యేండ్లుగా గడ్డి పెరిగి మన్నును పట్టి యుంచినది. గోధుమకు మంచి ధర వచ్చిన కాలమున ఆ గడ్డిని ట్రాక్టర్లతో దున్ని పెళ్లగించిరి. అటుపై ఏండ్ల తరబడి వానలు కురియలేదు. ఆధారము లేని మన్ను గాలికి లేచి ఆకాశమును కప్పెను. 1935 ఏప్రిల్ 14న వచ్చిన ధూళి తుపాను పట్టపగలే చీకటి చేసినందున ఆ దినమునకు "నల్ల ఆదివారము" అను పేరు నిలిచిపోయినది. అప్పటికే దేశమంతట ఆర్థిక మాంద్యము. బ్యాంకులు పొలములను, ఇండ్లను స్వాధీనము చేసికొనుచుండెను. వేలాది కుటుంబములు చేతికందిన సామానును పాత మోటారు బండ్లపై కట్టుకొని కాలిఫోర్నియా దారి పట్టినవి. జాన్ స్టైన్‌బెక్ 1939లో వెలువరించిన "ది గ్రేప్స్ ఆఫ్ రాత్" నవలకు ఈ వలసయే వస్తువు. రాయలసీమలో కరువు చూచినవారికి, పాలమూరు వలసలు ఎరిగినవారికి ఈ దృశ్యము పరాయిది కాదు.

ఈ ధూళిలో నుండి కథ ప్రారంభమగును. బెన్ హాకిన్స్ అను యువకుడు సంకెళ్ల ఖైదీల గుంపు నుండి పారిపోయి తల్లి మరణశయ్య చెంతకు వచ్చును. తల్లిని పూడ్చుటకు అతడు గోతిని త్రవ్వుచుండగా ఇంటిని కూల్చుటకు యంత్రము సిద్ధముగా నిలిచియుండును. ఆ దారిని పోవుచున్న ఒక సంచార వినోద మండలి అతనిని చేరదీయును. మన తిరునాళ్లలో డేరాలు వేసి గారడీలు, వింతలు చూపి మరునాటికి మరియొక యూరికి తరలిపోవు బృందముల వంటిదే ఆ మండలి. పొట్టివాడైన శామ్సన్ దానికి నిర్వాహకుడు. చిత్రపటముల చీట్లు పరచి జోస్యము చెప్పు తల్లీకూతుళ్లు, ఒక అంధుడు, దేహబలము ప్రదర్శించువాడు, లోకము వింతగా చూచు శరీరములు గలవారు, వీరందరు ఒకే పొయ్యి చుట్టు బ్రతుకుచుందురు.

బెన్ చేతిలో ఒక శక్తి యున్నది. అతడు తాకి రోగిని స్వస్థపరచగలడు. కాని ఆ ప్రాణము ఊరక రాదు. మరియొక చోటి నుండి రావలెను. కుంటి బాలికను నడిపించినచో చుట్టునున్న పంట మాడిపోవును. పెద్ద మేలు చేయగోరినచో పెద్ద ప్రాణమునే వెలగా చెల్లింపవలెను. అద్భుత శక్తిని గూర్చి వ్రాసినవారు అనేకులు కలరు. దాని వెలను ఇంత నిక్కచ్చిగా లెక్కించినవారు అరుదు. బెన్ తన శక్తికి భయపడి దానిని దాచుకొనుట పిరికితనము కాదు, వివేకము అని ప్రేక్షకునకు క్రమముగా బోధపడును.

అదే కాలమున కాలిఫోర్నియాలో జస్టిన్ అను మతబోధకుడు ఉండును. వలస వచ్చిన దీనులపై జాలితోనే అతని కథయు మొదలగును. వారికొక ఆశ్రయము కల్పించును, అది అగ్నికి ఆహుతియగును, పసివారు మరణింతురు. ఆ దుఃఖములో నుండి అతనికి తన శక్తి తెలియవచ్చును. ఇతరుల పాపములను వారికే చూపి లొంగదీసికొను శక్తి యది. రేడియో ద్వారా అతని కంఠము దేశమంతట వినబడును. నిలువ నీడలేని వేలాది జనము అతని చుట్టు చేరుదురు. బెన్ వెలుగునకు, జస్టిన్ చీకటికి ప్రతినిధులు. ఐనను వెలుగు ప్రతినిధి పారిపోయిన ఖైదీ, చీకటి ప్రతినిధి పూజ్యుడైన గురువు. ఆకలితో నున్న జనము, కొత్తగా వచ్చిన రేడియో, మధురమైన కంఠము, ఈ మూడును కలిసినప్పుడు ఏమి జరుగగలదో 1930 ప్రాంతపు యూరపు చరిత్ర చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పోరాటము ఎచ్చటికి పోవునో కథారంభముననే శామ్సన్ సూచించును. 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో ట్రినిటీ అను పేర మొదటి అణ్వస్త్ర ప్రయోగము జరిగెను. ఆ ప్రేలుడుతో మానవుని అద్భుత యుగము అంతరించినదని ఆ ప్రస్తావన యొక్క సారాంశము. 1934 నాటి ధూళి మేఘము నుండి 1945 నాటి అణుధూమము వరకు రచయిత గీయదలచిన రేఖ యది. ప్రసారమైన భాగములు 1935 దాటలేదు.

చివరి భాగమున మొక్కజొన్న చేనిలో బెన్ జస్టిన్‌ను పొడిచి, తానును స్పృహ దప్పి పడిపోవును. అతనిని మండలివారు బండిలో వేసికొని పోవుదురు. చేనిలో పడియున్న జస్టిన్ చెంతకు సోఫీ వచ్చి చేయి వేయును. జోస్యము చెప్పు కూతురు, మన యభిమానమును చూరగొన్న పాత్ర యామె. ఆమె చేయి పడినంతనే చుట్టునున్న పైరు నల్లబడి మాడిపోవును. అంతటితో తెర పడును. చీకటి మరల ప్రాణము పోసికొన్నదా? ఆమె ఎవరి పక్షము? ఇరువది యేండ్లుగా ఈ ప్రశ్నలకు తెరపై సమాధానము లేదు.

ఈ నిర్ణయము వెలువడగనే అభిమానులు ఊరకుండలేదు. ఒక్క వారాంతములో ఏబది వేలకు పైగా విద్యుల్లేఖలు సంస్థకు చేరినవని నాటి వార్తలు తెలిపినవి. వారి మొరలో కోపము కంటె ఖేదమే ఎక్కువ. మాకు మరికొన్ని ఉత్సాహకరమైన రాత్రులు కావలెనని వారు కోరలేదు. ప్రారంభించిన మాటను పూర్తి చేయుడని కోరిరి. సంస్థ చలింపలేదు.

సంస్థవారి పక్షమునను న్యాయము లేకపోలేదు. ఆనాటి ధూళిని, డేరాలను, మోటారు బండ్లను, వస్త్రములను యథాతథముగా కల్పించుటకు ఒక్కొక్క భాగమునకు సుమారు 40 లక్షల డాలర్లు ఖర్చయ్యెడిది. మొదటి రాత్రి 53 లక్షల మంది చూచిరి. ఆ సంస్థ సొంత ధారావాహికలలో ఏ తొలి ప్రసారమునకును అంతవరకు అంత సంఖ్య రాలేదు. కాని రెండవ విడత ప్రారంభించు నాటికి ఆ సంఖ్య సుమారు 18 లక్షలకు దిగెను. కథ నెమ్మదిగా నడచినది, చిక్కుముడులు అనేకములు, ఒక వారము తప్పిన ప్రేక్షకునకు దారి దొరకదు. 2004లో కళా దర్శకత్వము, ఛాయాగ్రహణము, వస్త్రాలంకరణము మున్నగు శాఖలలో ఐదు ఎమ్మీ పురస్కారములు లభించినను, పురస్కారములతో జీతములు ఇయ్యలేరు. నష్టము వచ్చు వ్యాపారమును ఎల్లకాలము నడుపవలెనని ఎవరును శాసింపజాలరు. దీనిని మేము ఒప్పుకొనుచున్నాము.

ఐనను ఒక సంగతి ఆలోచింపవలసియున్నది. ఆరు విడతలు నడుపలేకపోవుట వేరు, ముగింపే లేకుండ వదలివేయుట వేరు. ఇల్లు కట్టుటకు ధనము చాలనిచో మూడంతస్తులు మాని ఒక్క అంతస్తుతో సరిపెట్టుకొనవచ్చును. పైకప్పు వేయకుండ గోడలు నిలిపి పోవుట పొదుపు అనిపించుకొనదు. మరి నాలుగు భాగములో, రెండు గంటల చిత్రమో నిర్మించి కథను ఒడ్డు చేర్చియుండినచో సంస్థ ఖజానా ఖాళీ కాకపోయెడిది. ప్రేక్షకుల విశ్వాసమును నిలిచెడిది.

ఇది అసాధ్యమైన కోరిక కాదనుటకు నిదర్శనములు కలవు. "స్టార్ ట్రెక్" ధారావాహిక ఆగిపోవునను వార్త పుట్టినప్పుడు 1967-68 శీతకాలమున అభిమానులు ఉత్తరముల వర్షము కురిపించిరి, ఎన్.బి.సి. వారు మూడవ విడత నడిపిరి. 2007లో "జెరికో" రద్దయినప్పుడు ఆ కథలోని ఒక మాటను పట్టుకొని అభిమానులు సి.బి.ఎస్. కార్యాలయమునకు 20 టన్నులకు పైగా వేరుసెనగ కాయలు పంపిరి. సంస్థవారు నవ్వుకొనియే యుందురు. కాని మరి ఏడు భాగములు తీసిరి. 1991లో ఆగిన "ట్విన్ పీక్స్" 2017లో మరల 18 భాగములతో వచ్చెను. "సెన్స్8" 2017లో రద్దయినను, అభిమానుల విన్నపముల మీద మరుసటి యేడు సుదీర్ఘమైన ముగింపు భాగమును నెట్‌ఫ్లిక్స్ వారు ఇచ్చిరి. అంత యేల? హెచ్.బి.ఓ. వారే 2006లో ఆపిన "డెడ్‌వుడ్" కథకు 2019లో ఒక చిత్రముతో ముగింపు పలికిరి. పదమూడేండ్ల తరువాతనైనను బాకీ తీర్చుట గౌరవమే. కార్నివాల్ బాకీ మాత్రము అట్లే యున్నది.

అభిమానము హద్దు మీరిన సందర్భములును లేకపోలేదు. 2019లో నెట్‌ఫ్లిక్స్ వారు "ది ఓ.ఏ." అను మరియొక అలౌకిక కథను ఐదు విడతల సంకల్పములో రెండింటితోనే ఆపివేసినప్పుడు, అభిమానులు చందాలు వేసికొని న్యూయార్కు నడిబొడ్డున ప్రకటన పలక పెట్టించిరి, ఒకరు సంస్థ కార్యాలయము ముందు నిరాహారదీక్షకు కూర్చుండిరి. ఆ కథను కల్పించిన కళాకారులే వచ్చి వారిని పలకరింపవలసి వచ్చెను. పొట్టి శ్రీరాములుగారి త్యాగమును ఎరిగిన జాతి మనది. నిరాహారదీక్ష యెంత పదునైన ఆయుధమో, దానిని ఎట్టి దానికై తీయవలెనో మనకు తెలియును. ఒక టెలివిజన్ కథకై ప్రాణము పణము పెట్టుటను మేము హర్షింపజాలము. కాని ఆ దీక్షను చూచి నవ్వుటకును మనసొప్పదు. కథ కూడ ఒక ఆహారమే యని నమ్మినవారు చేసిన పని యది.

అలౌకిక కథలు నడుమ ఆగినప్పుడు బాధ అధికముగా నుండుటకు కారణము కలదు. కుటుంబ కథ యెచ్చట ఆగినను అంతవరకు జరిగినది జరిగినట్లే యుండును. అలౌకిక కథ అట్టిది కాదు. ఆ లోకమునకు ధర్మమేమి, ఈ శక్తి యెందుకు, ఈ స్వప్నములకు అర్థమేమి యనునవి చివరనే తెలియును. చివరి పుట లేనిచో మొదటి పుటకును అర్థము నిలువదు. చీకటి గెలిచినదని చెప్పినను ఒక నీతి యున్నది. వెలుగు గెలిచినదని చెప్పినను ఒక నీతి యున్నది. ఏదియు చెప్పకుండ దీపమార్పుటలో ఏ నీతియు లేదు.

ఈ సందర్భమున మన సాహిత్య చరిత్రయే జ్ఞప్తికి వచ్చుచున్నది. పదునొకండవ శతాబ్దమున నన్నయ భట్టారకుడు ప్రారంభించిన భారతము అరణ్యపర్వమున ఆగిపోయెను. పదమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు రచించెను. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ పూరించెను. పూరించుచు తన పేరు ముందుకు త్రోయక, నన్నయ పోషకుడైన రాజరాజనరేంద్రునకే దానిని అంకితము చేసెను. మూడు వందల యేండ్లు వేచినను తెలుగువారి కథ పూర్తియైనది. ఏలననగా ఆ కథకు యజమాని యెవడును లేడు. సమర్థుడైనవాడు భక్తితో ముందుకు రావచ్చును.

నేటి కాలమున ఎఱ్ఱన పుట్టినను అతనికి దారి లేదు. కథ మీది హక్కు సంస్థది. కల్పించిన నాఫ్ మహాశయుడు జీవించియే యుండియు, కథాంతమును ఎరిగియే యుండియు, సంస్థ అనుమతి లేక దానిని తెరకెక్కింపజాలడు. తన సంకల్పములోని సంగతులను ఆయన కొంతకు కొంత అభిమానులకు తెలిపెను. అదియే వారికి దక్కిన ప్రసాదము. పూర్తి చేయగలవానికి అధికారము లేదు. అధికారము గలవానికి పూర్తి చేయు కోరిక లేదు. అభిమానుల దుఃఖమునకు మూలము ఇచ్చట నున్నది. రచయిత శ్రమను దొంగల నుండి కాపాడుటకు పుట్టిన చట్టము, ఆ రచయిత చేతిలోని కథనే బంధించి యుంచుట విపరీతము గదా!

దీనికి ఉపాయము లేకపోలేదు. ముగింపు ముందే నిర్ణయమైన కథను ప్రారంభించు సంస్థ, నడుమ ఆపవలసి వచ్చినచో ముగింపు భాగమొకటి నిర్మించుటకు, లేదా నిర్ణీత కాలము తరువాత హక్కును రచయితకు తిరిగి యిచ్చుటకు ముందే ఒడంబడిక చేసికొనవలెను. చిత్రింపలేని కథను గ్రంథరూపముననైనను వెలువరింపనీయవలెను. దీనివలన సంస్థకు వచ్చు నష్టము స్వల్పము. రేపు మరియొక దీర్ఘకథను ప్రారంభించునప్పుడు, ఇది తుదివరకు పోవునా యను శంకతో ప్రేక్షకుడు వెనుకాడకుండుట దానికి కలుగు లాభము. నేడు అనేకులు, అన్ని భాగములు పూర్తియగువరకు ఏ కథను ముట్టమని చెప్పుచున్నారు. అట్లు ఎవరును ముట్టకున్నచో సంఖ్య తగ్గును. సంఖ్య తగ్గినదని కథను ఆపుదురు. విశ్వాసము లేనిచోట వ్యాపారమును సాగదు.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. తరగతిలో ఒక దినము ఒక కథను నడుమ ఆపి, ముగింపును విద్యార్థులనే వ్రాయుడని చెప్పుడు. నలుబది మంది నలుబది ముగింపులు వ్రాయుదురు. ఒకడు దుష్టుని చంపును, ఒకతె క్షమించును, ఒకడు ఎవరును ఊహింపని మూడవ దారి చూపును. న్యాయమనగా నేమని ఆ పసివారు తలచుచున్నారో ఆ కాగితములలో తెలియును. పిమ్మట మీరు మీ ముగింపును తప్పక చెప్పుడు. దానిని మాత్రము మరచిపోరాదు.

ఓక్లహోమా ధూళిలో తల్లిని పూడ్చి బయలుదేరిన ఆ యువకుడు ఇంకను ఎచ్చటనో బండిలో స్పృహ లేక పడియున్నాడు. చేనిలో పైరు మాడియున్నది. అతడు కన్ను తెరచునా లేదా యని వేచియున్నవారు వెఱ్ఱివారు కారు. "రేపు చెప్పెదను" అను మాటను నమ్మినవారు. ఆ మాట అన్నవారు దానిని నిలుపుకొనవలెనని కోరుట దురాశ కానేరదు.